ఆ అంకె ఎవరు చదవాలి? సర్వర్ వేడిపై ఎనభై ఏళ్ల సింహావలోకనం

వేడిని కొలవడం కంప్యూటర్ వాళ్లకు ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు. రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఒక కొసను వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని జర్మనీలో జీబెక్ 1821లోనే గమనించాడు. ప్లాటినం తీగ నిరోధాన్ని బట్టి ఉష్ణోగ్రత చెప్పవచ్చని విలియమ్ సీమెన్స్ 1871 నాటికే చూపించాడు. కంప్యూటర్ పుట్టేసరికి ఆ శాస్త్రం బాగా ముదిరింది. గొడవంతా కొలిచిన అంకెను చదవడం దగ్గరే వచ్చింది. సెన్సర్ ఎక్కడ ఉంది, అది ఏ లెక్కన చెబుతోంది, ఆ మాట ఏ దారిలో బయటికొస్తోంది, విన్నవాడికి ఏదైనా చేసే అధికారం ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు మారినప్పుడల్లా అంకెను చదివేవాడు కూడా మారిపోయాడు.

ఎనియాక్‌లో అసలు చదివేవాడే లేడు. 1946 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మూర్ స్కూల్ లోకానికి చూపించిన ఆ యంత్రంలో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులుండేవి. అది తాగే కరెంటు 150 కిలోవాట్లు. ఆ కరెంటంతా చివరికి గదిలో వేడిగా తేలాల్సిందే కనుక బ్లోయర్లతో గాలి తోలేవారు. ప్యానెళ్లలో థర్మోస్టాట్లు బిగించారు. హద్దు దాటితే కరెంటు తీసేయడమే వాటి పని. ఎంత వేడెక్కిందో అవి చెప్పలేవు. మరీ వేడెక్కిందని మాత్రం చెప్పగలవు, అదీ యంత్రాన్ని ఆపేశాక.

తర్వాతి మూడు దశాబ్దాల్లో పేరంతా చల్లబరిచే పద్ధతులకే వచ్చింది. 1976 నాటి క్రే-1 కరెంటు వాడకం 115 కిలోవాట్లు. దాని సర్క్యూట్ బోర్డుల వేడిని గొట్టాల్లో తిరిగే ఫ్రియాన్ లాగేది. 1980లో ఐబిఎం తెచ్చిన 3081లో ప్రతి చిప్ నెత్తినా స్ప్రింగుతో అదిమిన చిన్న లోహపు పిస్టన్ ఉండేది. చుట్టూ హీలియం వాయువు, పైన నీళ్లు పారే పలక. 1985లో క్రే-2 వచ్చేసరికి సర్క్యూట్లను ఏకంగా ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచేశారు. ఇంత ఖరీదైన ఏర్పాటు ఉన్నచోట నీళ్ల వేడిని, ప్రవాహాన్ని గమనించే మీటర్లు కూడా ఉంటాయి. వాటిని చూసేది కంపెనీ ఇంజనీరే. ప్రోగ్రాం రాసుకునేవాడికి వాటితో సంబంధమే లేదు.

పర్సనల్ కంప్యూటర్ వచ్చాక ఆ మీటర్లూ పోయాయి, ఆ ఇంజనీరూ పోయాడు. 8086 నుంచి 386 దాకా ప్రాసెసర్లకు మామూలుగా హీట్‌సింకు కూడా అవసరం రాలేదు. 1993లో 5 ఓల్ట్లతో నడిచే తొలి పెంటియంలు వచ్చేసరికి ఒక్క చిప్ 16 వాట్ల దాకా వదిలే స్థితి, దాంతో నెత్తిన ఫ్యాన్ తప్పనిసరైంది. అదే కాలంలో పీసీ భాగాలతోనే సర్వర్లు కట్టి ఆఫీసుల్లో పెట్టడం ఊపందుకుంది. పెద్ద యంత్రాల పని వీటి నెత్తిన పడింది గానీ వాటికుండే కాపలా వీటికి రాలేదు. ఫ్యాన్ ఆగిపోయిన సంగతి మెషీన్ హ్యాంగైతేనో, కాలిన వాసన వస్తేనో తెలిసేది.

ఆ లోటు తీర్చిన చిప్‌లు చూడటానికి అల్పమైనవి. నేషనల్ సెమీకండక్టర్ తెచ్చిన ఎల్ఎం75 ఎనిమిది కాళ్ల చిన్న ముక్క. తన ఒంటి ఉష్ణోగ్రతను తొమ్మిది బిట్లలో, అర డిగ్రీ మెట్లతో చెబుతుంది. దాని అన్న ఎల్ఎం78 ఉష్ణోగ్రతతో పాటు ఓల్టేజీలు, మూడు ఫ్యాన్ల వేగం కూడా చూస్తుంది. ఇవి మాట్లాడే తీగలు రెండే. టీవీల్లాంటి పరికరాల లోపలి చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఫిలిప్స్ 1982లో చేసిన ఐ-స్క్వేర్డ్-సి పద్ధతి అది. దాని ఆధారంగానే ల్యాప్‌టాప్ బ్యాటరీల అవసరం కోసం 1995లో ఎస్ఎంబస్ వచ్చింది, మదర్‌బోర్డుల్లోకి పాకింది. టీవీ కోసం, బ్యాటరీ కోసం వేసిన దారి మీదే సర్వర్ వేడి ప్రయాణం మొదలుపెట్టింది. అవసరానికి దొరికినదాన్ని వాడుకోవడం హార్డ్‌వేర్ వాళ్లకు పాత అలవాటే.

అయితే మదర్‌బోర్డు మీద కూర్చున్న ఎల్ఎం75 బోర్డు వేడినే చెబుతుంది. ప్రాసెసర్ లోపల ఏం జరుగుతోందో దానికెలా తెలుస్తుంది? అందుకని ప్రాసెసర్ సిలికాన్‌లోనే ఒక చిన్న డయోడ్ పెట్టి, దాని రెండు కొసలను బయటి పిన్నులకు తెచ్చారు. పెంటియం త్రీ నాటికి ఇది మామూలైపోయింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే కనుక కాస్త ఆగుతాను. సిలికాన్ జంక్షన్ మీది ఓల్టేజి డిగ్రీకి సుమారు రెండు మిల్లీఓల్ట్ల చొప్పున తగ్గుతుంది. కానీ ఏ రెండు జంక్షన్లూ అచ్చంగా ఒకేలా తయారుకావు కాబట్టి ఒక్క ఓల్టేజిని నమ్ముకుంటే ఒక్కో చిప్ ఒక్కో అబద్ధం చెబుతుంది. దానికి ఉపాయం ఏమిటంటే, ముందు ఒక చిన్న కరెంటు పంపి ఓల్టేజి చూడాలి. వెంటనే దానికి పదింతల కరెంటు పంపి మళ్లీ చూడాలి. మొదటిదాన్ని రెండోదానిలోంచి తీసేస్తే తయారీ తేడాలు దాదాపుగా కొట్టుకుపోతాయి. మిగిలేది భౌతికశాస్త్రపు స్థిరాంకాలు, ఉష్ణోగ్రత మాత్రమే. పదింతల నిష్పత్తికి ఆ తేడా డిగ్రీకి సుమారు 198 మైక్రోఓల్ట్లు. పక్కన ఓల్ట్ల లెక్కన ఎగిరిపడే సిగ్నళ్ల మధ్య ఈ కొద్దిపాటి తేడాను కాపాడుకుంటూ తేవాలి. ఆ రెండు గీతలను బోర్డు మీద ఎటు నుంచి లాగాలన్నది డిజైనర్లకు నిజంగా తలనొప్పే.

హార్డ్‌వేర్ సిద్ధమైంది, ఇక చదివేవాళ్లు కావాలి. లినక్స్‌లో ఆ పని జీతానికి చేసింది కాదు. అలెగ్జాండర్ లార్సన్ ఎల్ఎం78 కోసం రాసిన డ్రైవర్‌ను ఆధారం చేసుకుని ఫ్రోడో లూయార్డ్, ఫిలిప్ ఎడెల్‌బ్రాక్ 1998 ప్రాంతంలో ఎల్ఎం-సెన్సర్స్ ప్రాజెక్టును నిలబెట్టారు. తరవాత చాలాకాలం జాన్ డెల్వేర్ దాన్ని మోశాడు. వాళ్ల ముందున్న చిక్కు ఏమిటంటే, మదర్‌బోర్డు కంపెనీలు ఏ చిప్ ఎక్కడ పెట్టాయో చెప్పేవి కావు. కనుక ప్రతి అడ్రసునూ పలకరించి, వచ్చిన జవాబును బట్టి ఎవరో ఊహించాలి. ఎల్ఎం75కైతే తన పేరు చెప్పుకునే రిజిస్టరే లేదు. దానికి ఎనిమిది అడ్రసుల్లో ఏదైనా ఉండొచ్చు. రిజిస్టర్లను అటూఇటూ తిరగేసి, అంకెలు ఒక తీరుగా మళ్లీమళ్లీ వస్తున్నాయా అని చూసి, అదే అయ్యుంటుందనుకోవాలి.

ఈ పలకరింపు ఒకసారి ప్రాణం మీదికొచ్చింది. ఐబిఎం థింక్‌ప్యాడ్లు కొన్నింటిలో అదే దారి మీద 24ఆర్ఎఫ్08 అనే అట్మెల్ మెమరీ చిప్ ఉండేది. మెషీన్ గుర్తింపు వివరాలు అందులోనే ఉండేవి. ఒకానొక వరసలో వచ్చిన పలకరింపును అది రాయమన్న ఆజ్ఞగా తీసుకుంది. లోపలి బైట్లు చెడిపోయాయి, మెషీన్ మళ్లీ బూట్ కాలేదు. ఉష్ణోగ్రత తెలుసుకుందామని కమాండు కొట్టిన పాపానికి మదర్‌బోర్డు మార్పించుకోవాల్సి వచ్చింది. ప్రాజెక్టువాళ్లు ఆ విషయాన్ని దాచలేదు. థింక్‌ప్యాడ్ హెచ్చరికను విడిగా రాసిపెట్టి, ఐబిఎం మెషీన్లు కనబడితే ఆ దారిని నడిపే డ్రైవరే ముందుకు కదలకుండా అడ్డం వేశారు. సర్వర్ నడిపేవాళ్లకు మాత్రం ఒక సంగతి బోధపడింది. సెన్సర్‌ను చదవడమంటే ఆ దారి మీదికి ఏదో ఒకటి పంపడమే. చూసినంత మాత్రాన ఏమీ కాదనే భరోసా అక్కడ లేదు.

2003 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6తో ఈ డ్రైవర్లు కెర్నల్‌లోకి చేరాయి. ఈనాటికీ నడుస్తున్న పద్ధతి అదే. సిస్ డైరెక్టరీ కింద హెచ్‌డబ్ల్యుమాన్ అనే చోటుకు వెళ్లి, టెంప్1 ఇన్‌పుట్ అనే ఫైలును క్యాట్ చేస్తే 47000 అని వస్తుంది. డిగ్రీలో వెయ్యో వంతు లెక్క అది, అంటే 47 డిగ్రీల సెల్సియస్. కెర్నల్‌లో దశాంశ బిందువులతో పని పెట్టుకోరు కనుక ఈ ఏర్పాటు. చూడముచ్చటగానే ఉంటుంది గానీ రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, హెచ్‌డబ్ల్యుమాన్ పక్కనుండే వరస నంబరు శాశ్వతం కాదు. ఇవాళ రెండో నంబరు ప్రాసెసర్‌ది కావచ్చు, రీబూట్ అయ్యాక అదే నంబరు ఎస్ఎస్‌డీకి దక్కొచ్చు. నంబరును నమ్మి రాసిన స్క్రిప్టు డిస్కు వేడిని ప్రాసెసర్ వేడిగా నెలల తరబడి గ్రాఫులో గీస్తూ పోతుంది, ఎవరూ గమనించరు. నేమ్ అనే ఫైలు చదివి పోల్చుకోవాలి. రెండోది, సెన్సర్స్ అని కొడితే వచ్చే జాబితాలో ఆక్స్‌టిన్ లాంటి పేర్ల ఎదుట 127 అనో, సున్నాకు దిగువన అరవై అనో కనిపించడం. కొత్తగా చేరిన కుర్రాళ్లు అది చూసి బెదిరిపోతారు. చిప్‌కు ఆ ఇన్‌పుట్ ఉంది, బోర్డు తయారుచేసినవాడు దానికి ఏమీ తగిలించలేదు, అంతే సంగతి.

ఈలోగా ప్రాసెసర్ కంపెనీలు మరో నిర్ణయానికొచ్చాయి. అంకెను బయటివాళ్లు చదివి, ఆలోచించి, చర్య తీసుకునేదాకా సిలికాన్ ఆగదు. 2000లో వచ్చిన పెంటియం ఫోర్ తన వేడిని తానే చూసుకుని, హద్దుకు రాగానే తన గడియారాన్ని తానే నెమ్మదింపజేసుకునేది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ తీసిన వీడియో ఈ తేడాను లోకానికి చూపించింది. నడుస్తుండగా హీట్‌సింకు ఊడదీస్తే పెంటియం ఫోర్ నీరసంగానైనా నడుస్తూనే ఉంది, ఏఎండీ అథ్లాన్ పొగలుకక్కింది. ఆ తరం అథ్లాన్లలో కొన్నింటికి లోపల డయోడ్ లేకపోలేదు. దాన్ని సమయానికి చదివి కరెంటు ఆపాల్సిన పని మదర్‌బోర్డుది, అది జరగలేదు. సెన్సర్ ఉండటం వేరు, దాని మాట చెల్లడం వేరు.

2006 నాటి ఇంటెల్ కోర్ తరంతో డయోడ్ పక్కనే డిజిటల్ సెన్సర్ వచ్చింది. ఒక్కో కోర్‌కు ఒకటి. ఇక్కడే అంకె అర్థం తలకిందులైంది. ఆ రిజిస్టరు ఇన్ని డిగ్రీలున్నానని చెప్పదు, హద్దుకు ఇంకా ఇన్ని డిగ్రీల దూరంలో ఉన్నానంటుంది. సున్నా వస్తే నెత్తి మీదికి వచ్చినట్టు. అసలు ఉష్ణోగ్రత కావాలంటే ఆ హద్దు ఎంతో తెలియాలి, ఇంటెల్ చాలాకాలం దాన్ని బయటపెట్టలేదు. లినక్స్ డ్రైవర్ 85 అనో, 100 అనో మోడల్‌ను బట్టి ఊహించుకునేది. అలా ఒకే ప్రాసెసర్‌కు రెండు సాఫ్ట్‌వేర్లు 15 డిగ్రీల తేడాతో రెండు ఉష్ణోగ్రతలు చూపించాయి, రెండూ ఒకే సెన్సర్‌ను చదివి. 2008లో ఇంటెల్ కొన్ని చిప్‌లకు అంకెలు ప్రకటించింది. నెహాలెం తరం నుంచి హద్దును కూడా రిజిస్టరులోనే రాసిపెట్టింది. ఆ సెన్సర్లను హద్దు దగ్గర సరిగ్గా చెప్పేలా దిద్దారు తప్ప, ఖాళీగా ఉన్నప్పటి చల్లని అంకెల కోసం కాదు. ఖాళీ సర్వర్‌లో ఒక కోర్ 31, పక్క కోర్ 36 అని చూపిస్తే ఎందుకని బుర్ర పగలగొట్టుకోనక్కర్లేదు.

ఏఎండీ మరో అడుగు ముందుకు వేసింది. దాని టీకంట్రోల్ అనే అంకె ఏ భౌతిక వస్తువు ఉష్ణోగ్రతా కాదని లినక్స్ కే10టెంప్ డ్రైవర్ పత్రమే స్పష్టంగా రాసింది. ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పడానికి కట్టిన కొలమానం అది. పాత ఆప్టెరాన్లలో కొన్నింటికి ఆ సెన్సర్ మీద నమ్మకం లేక డ్రైవర్ అసలు చదవనంటుంది. మనం బలవంతపెడితేనే చదువుతుంది. 2017లో రైజెన్ 1800ఎక్స్ వచ్చినప్పుడైతే అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపించింది. అన్ని మోడళ్లలో ఫ్యాన్లు ఒకే తీరుగా నడవాలని అలా చేశారు. ఫ్యాన్‌కు అది సబబే. మనిషి చదువుతాడన్న సంగతే ఆ డిజైనర్లకు పట్టలేదు.

సర్వర్ల అసలు కథ మాత్రం ఇంకో చిప్‌తో నడిచింది. 1998 సెప్టెంబరులో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణం తెచ్చాయి. మదర్‌బోర్డు మీద బీఎంసీ అని మరో చిన్న కంప్యూటర్ ఉంటుంది. సర్వర్ ఆపేసి ఉన్నా, ఆపరేటింగ్ సిస్టమ్ చచ్చిపడి ఉన్నా, స్టాండ్‌బై కరెంటు మీద అది మేలుకునే ఉంటుంది. సెన్సర్లన్నీ దాని చేతిలో, ఫ్యాన్లన్నీ దాని చేతిలో. ఐపీఎంఐటూల్‌తో అడిగితే ఒక్కో సెన్సర్ ఎదుట రీడింగు, పక్కనే కింది, పై హద్దులు వరసగా వస్తాయి. వాటిలో మామూలు హెచ్చరిక, తీవ్రమైనది, కోలుకోలేనిది అని మెట్లుంటాయి. లోపల వచ్చేది సున్నా నుంచి 255 మధ్య ఒక ముడి అంకె. దాన్ని ఒక గుణకంతో గుణించి, ఒక స్థిరాంకం కలిపి, పదుల ఘాతాలతో సరిదిద్దితే డిగ్రీలవుతాయి. ఆ గుణకాలు కూడా బీఎంసీయే ఒక రికార్డుగా అందిస్తుంది. ఎల్ఎం-సెన్సర్స్ కాలంలో ఊహించుకున్నదంతా ఇక్కడ బోర్డు తయారీదారే రాసిచ్చాడు, అది మెచ్చుకోవాల్సిందే.

మెచ్చుకోలేనిది దాని కాపలా. 2013లో భద్రతా పరిశోధకుడు డాన్ ఫార్మర్ బయటపెట్టిన సంగతులు చూసి సర్వర్ నడిపేవాళ్లకు నిద్రపట్టలేదు. సైఫర్ జీరో అనే ఏర్పాటు తెరిచి ఉంటే పాస్‌వర్డ్ తప్పయినా లోనికి రానిచ్చేది. పైగా లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ను అడిగినవాడి చేతిలో పెట్టడం ఐపీఎంఐ 2.0 ప్రమాణంలోనే ఉంది. ఫ్యాన్ల వేగం చూడటానికి పెట్టిన గుమ్మం యంత్రాన్ని స్వాధీనం చేసుకునే గుమ్మం కూడా అయింది. 2015లో డీఎంటీఎఫ్ సంస్థ తెచ్చిన రెడ్‌ఫిష్ ఇదే పనిని హెచ్‌టీటీపీఎస్, జేసన్ పద్ధతికి మార్చింది. ఓపెన్‌బీఎంసీతో ఆ చిన్న కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను కూడా చదివే వీలు దొరికింది. పాత పెట్టెల్లో పాత ఐపీఎంఐ ఇంకా నడుస్తూనే ఉంది. వాటిని విడి నెట్‌వర్క్‌లో కట్టేయడం తప్ప వేరే మందు లేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది, సర్వర్‌లో ఆ సూత్రం చెల్లదు. ప్రాసెసర్ 60 దగ్గర హాయిగా ఉండగా, దాని వెనక వరసలోని మెమరీ స్టిక్‌లు వేగిపోతుండొచ్చు. డీర్యామ్ 85 డిగ్రీలు దాటితే రెట్టింపు తరచుగా రిఫ్రెష్ చేయాలి, లేకపోతే దాచిన బిట్లు కారిపోతాయి. అందుకే సర్వర్ మెమరీ మీదే సెన్సర్ వచ్చింది. డీడీఆర్5లో అది మరింత మామూలైంది. డిస్కులు తమ వేడిని స్మార్ట్ అనే పట్టికలో 194వ వరసలో చెబుతాయి. 2020లో లినక్స్ ఎన్‌వీఎంఈ, సాటా డిస్కుల అంకెలను కూడా హెచ్‌డబ్ల్యుమాన్ కిందికే తెచ్చింది. అంతకు ముందు రూట్ అధికారంతో విడి ప్రోగ్రాములు నడపాల్సి వచ్చేది.

అంకెలు పోగుపడ్డాక పాత నమ్మకాలు కొన్ని కదిలాయి. గూగుల్‌లో పిన్హేరో, వెబర్, బరోసో లక్షకు పైగా డిస్కుల రికార్డులు చూసి 2007లో రాసిన పత్రం ప్రకారం, ఎక్కువ వేడి ఉన్న డిస్కులే ఎక్కువగా చెడిపోతాయన్న మాట నిలవలేదు. బాగా పైకి పోయినప్పుడు, ముసలి డిస్కుల్లో మాత్రమే ఆ సంబంధం కనబడింది. గదిని ఫ్రిజ్‌లా ఉంచడం దండగన్న వాదానికి అది ఊతమిచ్చింది. సర్వర్‌లోకి పోయే గాలి 20 నుంచి 25 డిగ్రీలుండాలని 2004లో చెప్పిన ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే, 2008లో 18 నుంచి 27 దాకా పర్వాలేదంది. ఆ రెండు డిగ్రీల సడలింపు ఏసీ బిల్లులో కనిపిస్తుంది. అయితే ఆ లెక్క గది మధ్యలో వేలాడే థర్మామీటర్‌ది కాదు. సర్వర్ ముందు భాగంలోని ఇన్‌లెట్ సెన్సర్‌ది. ఎంతో ఖర్చుపెట్టి కట్టిన గదుల్లో కూడా వెనక నుంచి వేడిగాలి చుట్టుతిరిగి ముందుకు రావడం ఆ ఒక్క సెన్సర్‌లోనే పట్టుబడుతుంది.

2022 జులై 19న బ్రిటన్‌లో తొలిసారి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు లండన్‌లో గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్లలో చల్లబరిచే యంత్రాలు చేతులెత్తేశాయి. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆస్పత్రుల డేటా సెంటర్లు రెండూ పడిపోయి వైద్యులు కాగితాల మీదికి మళ్లారు. మన రామగుండంలో, రెంటచింతలలో 40 అంటే ఏప్రిల్లో ఒక మామూలు రోజు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఈ రెండు ఊళ్ల వేడి ఒకటి కాదు. తెలంగాణ ఎండ పొడిది, నీటి ఆవిరితో చల్లబరచడానికి అనువు, నీళ్లుంటే. విశాఖ సముద్రపు తేమలో ఆ ఉపాయం అంతగా పారదు. అక్కడ చిల్లర్ల మీద ఆధారపడక తప్పదు.

ఇక వేడి మళ్లీ మొదటి లెక్కలకు చేరింది. 72 జీపీయూలున్న ఎన్విడియా జీబీ200 ర్యాక్ ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు. ఎనియాక్ గదంతా కలిపి తాగినదానికి కొంచెం తక్కువ, అదీ ఒక బీరువా అంత చోటులో. నీళ్ల గొట్టాలు తిరిగొచ్చాయి. వాటితో పాటు నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం, లీకు చూసే సెన్సర్లూ వచ్చాయి. వాటిని చదివేది బీఎంసీలు, వాటి పైనున్న సాఫ్ట్‌వేర్. మనుషులకు వచ్చేది అలర్ట్ మాత్రమే.

క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకున్నవాడికి ఆ అలర్ట్ కూడా రాదు. లాగిన్ అయి సెన్సర్స్ అని కొడితే సెన్సర్లేవీ దొరకలేదన్న ఒక్క వాక్యం వస్తుంది. కింద అసలు ప్రాసెసర్ 90 దగ్గర ఉన్నా హైపర్‌వైజర్ ఆ రిజిస్టరును చూడనివ్వదు. జీపీయూ అద్దెకు తీసుకుంటే పరిస్థితి వేరు. కార్డును నేరుగా మెషీన్‌కు అప్పగిస్తారు కనుక ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండు ఉష్ణోగ్రతను, వేడి వల్ల గడియారాన్ని నెమ్మదింపజేశారా లేదా అన్న వరసను దాపరికం లేకుండా చూపిస్తుంది. మోడళ్లకు శిక్షణనిచ్చేవాళ్లు ఆ వరసను నిమిషానికోసారి లాగ్ చేసుకుంటున్నారు. శిక్షణ ఉన్నట్టుండి మందగించిందంటే తప్పు తమ కోడ్‌దా, గంటల లెక్కన తాము డబ్బులు కడుతున్న గదిలోని చల్లదనానిదా అని తేల్చుకోవడానికి వాళ్ల దగ్గరున్న కాగితం అదొక్కటే.